రాగుల వంతు

కార్వేటినగరంలో దేవరాజులు పిండి మిషనుకు ఒక చట్టం ఉండేది. గోడమీద రాసిపెట్టింది కాదు గానీ దాన్ని మీరే ధైర్యం ఊరిలో ఎవరికీ లేదు. తెల్లారగానే బియ్యం. బియ్యం అయ్యాక గోధుమలు. ఆ తరువాత శనగలు, పప్పులు. ఎండ గుమ్మం దాటి వెనక్కు మళ్లాక రాగులు, సద్దలు. అన్నిటికన్నా చివర మిరపకాయలు.

కారణం లేకపోలేదు. ఎంత దులిపినా మిషను గొంతులో, తిరిగే రాళ్ల సందుల్లో, పిండి జారే గుడ్డ గొట్టంలో ముందువాళ్ల పిండి కొంత మిగిలిపోతుంది. అది వెనకవాళ్ల పిండిలో కలుస్తుంది. రాగులు ఆడిన మిషనులో బియ్యం పోస్తే ఆ పిండి బూడిదరంగుకు తిరుగుతుంది. బియ్యం ఆడిన మిషనులో రాగులు పోస్తే రాగిపిండికి వచ్చే నష్టమేమీ లేదు. కాబట్టి తెల్లది ముందు, నల్లది వెనక. వినడానికి న్యాయంగానే ఉంటుంది. బియ్యం తెచ్చేవాళ్లెవరు, రాగులు తెచ్చేవాళ్లెవరు అని చూస్తేనే ఆ న్యాయం కొంచెం కుంటుతుంది. చెరువు కింద మడి ఉన్నవాళ్లు, అంగళ్లున్నవాళ్లు బియ్యం తెచ్చి, కాఫీ వేళకు పిండితో ఇంటికి పోయేవారు. కొండమీది గట్టుపల్లెల నుంచి, మెట్టచేల నుంచి రాగులు మోసుకొచ్చినవాళ్లు పాత ప్యాలెస్ గోడ నీడలో కూర్చుని, ఆ నీడ జరిగినప్పుడల్లా తామూ జరుగుతూ పొద్దు గడిపేవారు.

లోకమంతా ఇదే వరస. రష్యా రైతు నల్ల రొట్టె తింటే అతని దొర తెల్ల రొట్టె తిన్నాడు. మార్వాడ్ ఎడారి ఇసుకలో సద్దరొట్టె తిన్నవాడు ఒంటెను తోలాడు, గోధుమ రొట్టె తిన్నవాడు ఒంటెమీద కూర్చున్నాడు. ఇప్పుడు ఆ దొరల మనవళ్లకే వైద్యులు నల్ల రొట్టె రాసిస్తున్నారు. గింజ మారలేదు, తినేవాడి ఒళ్లు మారింది.

దేవరాజులుకు ఇవేవీ పట్టవు. పొడుగాటి మనిషి. కనుబొమ్మలమీద ఎప్పుడూ పిండి పేరుకుని ఉండేది. ఆ తెల్ల బొమ్మల కింద కళ్లు ఎర్రగా ఉండేవి. మిషనులోకి చెప్పులు రానిచ్చేవాడు కాదు. పిండి లక్ష్మీదేవి, చెప్పుకాళ్లతో తొక్కకూడదని అతని నియమం. అదే లక్ష్మి రాగుల రూపంలో వస్తే మాత్రం ఆ టిన్నును కాలితోనే వరస వెనక్కు తోసేవాడు.

అలా ఎక్కువసార్లు తోయించుకున్నది తిరుమలమ్మ టిన్ను. గట్టుపల్లె మనిషి, కూలికి పోయేది. పాత నూనె టిన్నులో రాగులు నింపి, నెత్తిన పెట్టుకుని పొద్దున్నే దిగేది.

“ఏందన్నా, నేనొచ్చినప్పుడు నీ మిషను తలుపే తీయలేదు. ఇప్పుడు సూడు, ఎండ నడినెత్తికొచ్చె. నా టిన్ను యాడ పెట్టినానో ఆడనే ఉండాది.”

“ఆడనే ఉంటాది. దానికేమన్నా రెక్కలొచ్చి ఎగిరిపోతాదా?”

“కూలికి పోవాల గదన్నా.”

“పో, వొద్దన్నదెవురు? సాయంత్రం రా. కోళ్లు తినే గింజలకు అంత తొందరేంది మే?”

అంటూ కాలి బొటనవేలితో టిన్ను అంచును నెట్టేవాడు. బియ్యం గంపల వాళ్లు నవ్వేవారు. తిరుమలమ్మ నవ్వేది కాదు. మాట అనేది కూడా కాదు. ఊరికి ఉన్నది ఆ ఒక్క మిషనే.

రాగులంటే అతనికి అంత మంట ఎందుకో ఊరికి తెలియదు గానీ భార్యకు తెలుసు. దేవరాజులు వాళ్ల నాయన కరువు కాలంలో రాగంబలి తాగి బతికినవాడు. మిషను పెట్టి, మడి కొని, ఇంట్లో మూడు పూటలా వరన్నం వండించిన రోజునే తాను మనిషినయ్యానని అనుకున్నాడు. ఆ గర్వం కొడుక్కు ఆస్తితోపాటే వచ్చింది. చంద్రకాంతమ్మది పలమనేరు వైపు. అక్కడ రాగులు లేని ఇల్లు లేదు. కాపురానికి వచ్చిన కొత్తలో ముచ్చటపడి, మునగాకు వేసి రాగిరొట్టె కాల్చి మొగుడి ముందు పెట్టింది. అతను కంచం తీసుకుని లేచి, పెరట్లోకి పోయి, ఆ రొట్టెను ఎద్దులు మేసే గాడిలో వేశాడు.

“మీ నాయనింట్లో ఏం తిని పెరిగినావో నాకు తెలీదు. ఈ ఇంట్లో ఇది మనుసులు తినేది కాదు.”

ఆమె మళ్లీ ఎన్నడూ రాగిరొట్టె చేయలేదు. ఆ సంగతి మరిచిపోనూ లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొద్ది కాలానికి దేవరాజులు కాలు అతనికి చెప్పకుండానే అతన్ని వదిలిపెట్టడం మొదలుపెట్టింది. ఒకనాడు తిరుమలమ్మ టిన్నును ఎప్పటిలా నెట్టాడు. తుప్పుపట్టిన అంచు బొటనవేలిని కోసింది. అతనికి తెలియలేదు. నేలమీది పిండిలో ఎర్రటి అడుగులు చూసి గోధుమలు తెచ్చినామె కేకపెడితే అప్పుడు వంగి చూసుకున్నాడు. అన్నాన్ని తన్నిన పాపమని ఊరు తీర్పు చెప్పేసింది. చిత్తూరులో డాక్టరు రఘునాథ్ మాత్రం సూదితో అరికాలు పొడిచి చూసి, చక్కెర జబ్బు ముదిరి నరాలు మొద్దుబారాయన్నాడు.

“పుండు మానాలంటే చక్కెర దిగాలి పెద్దాయనా. దిగకపోతే వేలు తీసేయాలి. వేలితో ఆగకపోతే పాదం.”

“మాత్ర ఇయ్యండి సార్.”

“మాత్ర ఇస్తాను. తిండి కూడా మార్చాలి. రెండు పూటలా అన్నం బదులు రాగిరొట్టె.”

దేవరాజులు వెనక్కు తిరిగి, తనను కాదేమో అన్నట్టు తలుపు వంక చూశాడు.

డాక్టరుకు చెప్పే ఓపిక ఉంది. బియ్యాన్ని పాలిష్ పడితే పైపొట్టు, దానితోపాటు సత్తువ పోయి, లోపలి పిండి మాత్రమే మిగులుతుందన్నాడు. రాగిగింజ మరీ చిన్నది, దాని తోలు లోపలి పిండికి అంటుకుపోయి ఉంటుంది, తేలిగ్గా ఊడదు. అందుకే తోలుతోనే పిండి అవుతుంది, పీచు మిగులుతుంది. ఆ పీచు తిండిని నిదానంగా అరగనిస్తుంది, చక్కెర నెత్తురులోకి ఒక్కసారిగా దూకదు. ఎముకలకు కావలసిన సున్నం పాలలోకన్నా ఆ గింజలోనే ఎక్కువ. “కానీ జల్లించవద్దు. జావ కాచుకుని గ్లాసులకొద్దీ తాగవద్దు, జావ తొందరగా అరిగిపోతుంది. ఆకుకూర వేసి రొట్టె కాల్చుకో. మంచిదన్నారు కదా అని దొంతర్లు లాగించకు. అది కూడా పిండే.”

ఇంటికొచ్చి భార్యకు చెప్పడానికి దేవరాజులు సాయంత్రం దాకా గొంతు సవరించుకున్నాడు. చెప్పాక చంద్రకాంతమ్మ చేతిలోని చెంబు కింద పెట్టింది.

“సేస్తా. మరి గాడి కడిగి దాంట్లో పెట్టేదా, తట్టలో పెట్టేదా?”

“ఏమే, ఎప్పటి మాట అది!”

“నీకు ఎప్పటిదో. నాకు ఈ పొద్దుటిదే.”

చేసింది. రాగిపిండిలో గోధుమపిండికి ఉండే జిగట లేదు. కర్రతో సాగదీస్తే సాగదు, అంచులు పగులుతాయి. ఉప్పు వేసి మరిగించిన నీళ్లు పోసి కలపాలి, మునగాకు, ఉల్లిపాయ వేయాలి, తడిగుడ్డమీద చేత్తో తట్టి పెనంమీదికి మార్చాలి. చంద్రకాంతమ్మ ఆ తట్టడం పక్కింటికి వినిపించేలా తట్టేది. ఎవరి చెంపమీద తడుతున్నట్టు ఊహించుకుంటుందో దేవరాజులుకు తెలుసు.

మధ్యాహ్నం రొట్టెలు గుడ్డలో చుట్టుకుని మిషనుకు తెచ్చుకునేవాడు. తలుపు సగం మూసి, గోనెసంచుల వెనక్కు పోయి, దొంగలా తినేవాడు. రాగులవాళ్లు బయటే ఉండేవారు మరి. రాత్రి ఇంట్లో మళ్లీ రొట్టె. నెలలు గడిచాయి. చక్కెర దిగకపోగా ఎక్కింది. పుండు మానకపోగా వేలంతా నల్లబడింది.

అప్పుడు మొదలైంది అసలు యుద్ధం. అప్పటికి తిరపతి నుంచి, పుత్తూరు నుంచి కార్లలో వచ్చి రాగులు ఆడించుకునేవాళ్లు తయారయ్యారు. వాళ్లమీద విరుచుకుపడేవాడు.

“తిను సార్, తిను. నేనూ తింటా ఉండా. ఇదో సూడు నా వేలు! ఉత్త దగా. మందుల కంపెనీలోళ్లు కొన్నాళ్లు, ఈ రాగులోళ్లు కొన్నాళ్లు.”

ఇంటికిపోతే భార్యమీద.

“పిండిలో ఏం కలుపుతా ఉండావు? నిజం సెప్పు.”

“కలుపుతా ఉండా. నా కడుపుమంట కలుపుతా ఉండా. రుచిగా లేదా?”

“జల్లిస్తా ఉండావు. డాక్టరు జల్లించొద్దన్నాడని నీకు తెలుసు.”

“నీ మిషనులో నువ్వే ఆడి తెచ్చిన పిండి. జల్లెడ అటకమీద ఉండాది, ఎక్కి బూజు సూసుకో పో.”

అతను నిజంగానే స్టూలు వేసుకుని, పుండుకాలితో ఎక్కి చూశాడు. జల్లెడకు బూజు పట్టి ఉంది. దిగి బయటికి పోయాడు. ఆ కోపంలో అతను పోయింది అక్క దేవకమ్మ ఇంటికి.

దేవకమ్మ మొగుడు పోయాక తమ్ముడి వీధిలోనే చివరింట్లో ఉండేది. మరదలంటే సరిపడదు. తమ్ముడికి రాగిరొట్టె పెడుతున్నారని తెలిసిన నాటి నుంచి ఆమెకు నిద్ర లేదు. “మా నాయన మానిపించిన కూడును మళ్లీ ఇంట్లోకి తెచ్చింది” అని వీధిలో అందరితో చెప్పేది. పూటపూటా తమ్ముడి కోసం ఆకు వేసి కూర్చునేది.

వేలు వాసన వేసే దాకా వచ్చాక చంద్రకాంతమ్మ అతన్ని చిత్తూరుకు లాక్కుపోయింది. డాక్టరు కట్టు విప్పి, నెత్తురు పరీక్ష కాగితం చూసి, కళ్లద్దాలు తీశాడు.

“రొట్టె తింటున్నావా?”

“ఒక పూట తప్పలేదు సార్. తిరుమల వెంకన్న సాక్షి.”

“నిన్న పొద్దున్నుంచి నోట్లో వేసుకున్నదంతా చెప్పు. ఏదీ వదలకు.”

దేవరాజులు దాచడానికి ఏమీ లేనివాడిలా చెప్పాడు. పొద్దున ఇడ్లీ. మధ్యాహ్నం మిషనులో రొట్టెలు. తరువాత అక్క ఇంట్లో అన్నం, పప్పుచారు, మజ్జిగన్నం. రాత్రి ఇంట్లో రొట్టెలు. తరువాత అక్క ఇంట్లో అన్నం.

చంద్రకాంతమ్మ గోడకు ఆనుకుంది. “అక్కింట్లో అన్నమా? రొట్టె తినినాక అన్నమా?”

“మరి పస్తుండేదా మే?”

“రొట్టె తినినావు గదయ్యా!”

“రొట్టె పలారం గదా! పలారం తినినాక బోజనం సెయ్యొద్దా?”

అతని మొహంలో మోసం లేదు. అదే భయంకరమైన సంగతి. డాక్టరుకు కోపం రావలసింది పోయి కుర్చీలో వెనక్కు వాలాడు. అతనూ ఆ జిల్లాలోనే పుట్టాడు, మాట అర్థమైంది. ఆ వైపు శనివారం ఒక్కపొద్దు పట్టేవాళ్లు పగలు ఒకసారి అన్నం తింటారు, రాత్రి పలారం చేస్తారు. దోసె కావచ్చు, ఉప్మా కావచ్చు, రొట్టె కావచ్చు, ఎన్నయినా కావచ్చు, ఒక్కపొద్దు చెడదు. బియ్యాన్ని ఉడకబెడితే భోజనం, అదే బియ్యాన్ని రుబ్బి పెనంమీద పోస్తే పలారం. మతాలన్నిటిలోనూ ఇలాంటి సందులున్నాయి. మాంసం కూడని రోజుల్లో నీటికోడిని చేపల్లో కలిపేసి ఉపవాసాలు నడిపిన క్రైస్తవ సన్యాసుల గురించి చదివినవాళ్లు దేవరాజులును చూసి నవ్వలేరు.

“పెద్దాయనా, అన్నం బదులు అన్నాను.”

“అన్నం బదులు రొట్టె ఎట్లా అవుతాది సార్? రొట్టె బోజనమైతే నేను సిన్నప్పటి నుంచి శనివారం రేత్రిళ్లు తినిందేంది? అన్ని ఒక్కపొద్దులూ సెడిపినట్టేనా? గోవిందుడికి అబద్దం సెప్పినట్టేనా?”

అతను వేలికోసం కాదు, ఆ శనివారాల కోసం భయపడుతున్నాడు.

“దేవుడి సంగతి నాకు తెలియదు,” అన్నాడు డాక్టరు చివరికి. “నీ కడుపు మాత్రం రెండూ భోజనాలుగానే తీసుకుంది. రోజుకు నాలుగు. ఈ వేలు పోయింది. పాదం ఉంచుకుంటావో, పలారం ఉంచుకుంటావో నువ్వే తేల్చుకో. ఒక్క పూట కూడా మానొద్దు, మాత్ర వేసుకుని కడుపు మాడిస్తే పడిపోతావు. ఒక్కపొద్దులూ కుదరవు.”

బస్సులో వచ్చేటప్పుడు చంద్రకాంతమ్మ కిటికీలోకి చూస్తూ అంది: “ఇన్నాళ్లూ నా రొట్టెను నువ్వు బోజనమే అనుకోలేదు. గాడిలో ఏసిన పొద్దు ఎట్లనో, సంచుల ఎనక తినిన పొద్దూ అట్లనే.”

అతను కట్టుకాలు సీటు కిందికి లాక్కున్నాడు. వేలు తీసేయడానికి తిరపతి పెద్దాసుపత్రిలో చేరినప్పుడు కూడా ఇద్దరూ కావలసినంత వరకే మాట్లాడుకున్నారు.

కట్టుకాలితో ఇంటికొచ్చాక, అరవ లెక్కలో పెరటాసి నెల వచ్చింది. ఆ నెల శనివారాలు వెంకటేశ్వరుడికి బియ్యప్పిండితో దీపాలు చేసి వెలిగిస్తారు. తెల్లారకముందే నానబెట్టిన బియ్యం గంపలతో ఆడవాళ్లు మిషను ముందు నిలబడ్డారు. దేవరాజులు స్టూలుమీద కూర్చుని, మోటారు వేసి, కాళ్ల దగ్గరున్న డబ్బా ఎత్తి మిషను గొంతులో పోశాడు. ఎర్రటి గింజలు.

“ఏమప్పా రాజులూ, అదేంది?” ముందు నిలబడిన అంగడి పంకజాక్షి అరిచింది. “రాగులు పోస్తా ఉండావు! మావి దీపాల బియ్యం!”

“కనపడతా ఉండాయి.”

“నల్లగా వస్తాయి గదా దీపాలు!”

“నల్లగా ఉంటే నెయ్యి తాగవా ఒత్తులు? నేను మాత్రేసుకుని ఏళకు తినాల. నా గింజలు ముందు.”

“సామికి పెట్టే పిండిని మైల సేస్తావా? నీకు మతి పోయిందా?”

“నాకు పోయింది మతి కాదు, వేలు. ఇష్టం లేకుంటే పుత్తూరుకు పో. బస్సుండాది.”

గంపల మధ్యనుంచి ఎవరో తోసుకుంటూ వచ్చారు. తిరుమలమ్మ. తలమీది టిన్ను దించి, ఎవరినీ అడక్కుండా మిషను పక్కన ఠంగున పెట్టింది.

“మిషను గొంతు ఎట్లాగూ నల్లబడె గదా. నాదీ పోసెయ్.”

“వరసలో రా మే!”

“ఏ వరసలో? వరసంతా నీ కాలితోనే గదా సేసింది.” ఆమె అతని కట్టు వంక చూసింది, చూపులో జాలి లేదు. “నీ వేలు పోతేగానీ మా రాగులకు వంతు రాలేదా?”

మోటారు చప్పుడులోనూ ఆ మాట అందరికీ వినబడింది. దేవరాజులు ఎర్రకళ్లతో తిరుమలమ్మను, ఆ తుప్పు అంచును చూశాడు.

“వచ్చింది గదా,” అన్నాడు పళ్ల మధ్యనుంచి. “నోరు మూసుకుని పోసుకో.”

ఆమె మూసుకోలేదు. పోస్తున్నంతసేపూ, గుడ్డ గొట్టంలోంచి పిండి దిగుతున్నంతసేపూ, ఏ ఏట ఏ పొద్దున తనను ఎలా కూర్చోబెట్టాడో ఒక్కొక్కటే చెబుతూనే ఉంది. అతను వింటూనే ఉన్నాడు, ఆపమనలేదు, తప్పయిందనలేదు.

ఆ మధ్యాహ్నం అతను సంచుల వెనక్కు పోలేదు. గుమ్మంలో, అందరికీ కనబడేలా కూర్చుని గుడ్డ విప్పాడు. రొట్టె అంచులు పగిలి ఉన్నాయి. మునగాకు పచ్చగా కనిపిస్తోంది. సగం తిన్నాడో లేదో దేవకమ్మ క్యారియరుతో వచ్చింది.

“సాలు, పారెయ్ ఆ పలారం. పెరటాసి శనివారం. ఆకేసి పెడతా, అన్నం తిందువు లే.”

“వొద్దక్కా. బోజనం అయిపోయింది.”

“ఏం బోజనం?”

రొట్టె ఎత్తి చూపించాడు.

“ఇది బోజనమైతే మరి రేత్రికి ఏం తింటావు?”

“ఇదే.”

“ఒక్కపొద్దు?”

“లేదు.”

“నాయన పెట్టిన నియమం గదరా! ఆ గోవిందుడు సూస్తా ఉండాడు!”

దేవరాజులు ఇంకో ముక్క తుంచాడు.

“సూడనీ,” అన్నాడు. “ఇన్నాళ్లూ సూసినాడు గదా, ఒక మాటన్నా సెప్పినాడా?”

దేవకమ్మ క్యారియరు గుమ్మంమీద కొట్టినట్టు పెట్టి, వెనక్కు తిరిగి చూడకుండా పోయింది. సాయంత్రం దాకా అది మూత తీయకుండా అక్కడే ఉంది. మిషను కట్టేసి పోయేటప్పుడు దేవరాజులు దాన్ని చేత్తో తీసుకున్నాడు. కుంటుకుంటూ తీసుకుపోయి అక్క గడపలో పెట్టి, తలుపు కొట్టకుండానే ఇంటికి పోయాడు. వంటింట్లోంచి చంద్రకాంతమ్మ రొట్టె తడుతున్న చప్పుడు వినబడుతోంది. ఎప్పటంత గట్టిగానే తడుతోంది.